చెయ్యి ఊపుతున్నా బృందం కలవడం లేదా? కొత్త కండక్టర్లకు సమస్య - పరిష్కారం

విజయవాడ, గుంటూరుల్లో వయొలిన్, కీబోర్డ్, ఫ్లూట్ నేర్చుకుంటున్నవాళ్ళకి కొదవ లేదు. చర్చిలో క్రిస్మస్‌కో, స్కూల్లో జనవరి 26కో, సంగీతం క్లాసు వార్షికోత్సవానికో పదిహేను ఇరవై మందిని కూర్చోబెట్టి ఒకే పాట వాయిద్దాం అనుకుంటారు, వాళ్ళలో కాస్త ఎక్కువ తెలిసిన ఒకరిని ముందు నిలబడి చెయ్యి ఊపుతూ అందరినీ నడిపించమంటారు, కండక్టర్ అంటే ఆ మనిషే. అలా నిలబడ్డవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. తప్పు ఎక్కడ వినపడిందో అక్కడే వెతక్కండి. దానికి ఒక బీట్ (లెక్కలో ఒక దెబ్బ) ముందు మీ చెయ్యి ఏం చేసిందో చూడండి, సగం సమస్యలు అక్కడే దొరుకుతాయి.

"మొదటి స్వరమే తలా ఒకసారి ఎత్తుకుంటున్నారు"

అందరికీ వచ్చే మొదటి సమస్య ఇదే, దీని మీద ఎంత సమయం పెట్టినా తక్కువే. చాలామంది "వన్ టూ త్రీ ఫోర్" అని గట్టిగా లెక్కపెట్టి చెయ్యి కిందికి కొడతారు. రిహార్సల్లో పని జరిగిపోతుంది, స్టేజి మీద అలా అరవలేరు కదా, అప్పుడు బయటపడుతుంది.

అసలు కారణం సన్నాహపు బీట్ లేకపోవడం. పాట ఒకటో బీట్ మీద మొదలైతే దానికి ముందున్న నాలుగో బీట్‌ని మీరు చేత్తో చూపించాలి. ఆ ఒక్క కదలికలోనే వేగం ఎంతో, గట్టిగానా మెల్లగానా, సాఫీగానా విడివిడిగానా అన్నీ తెలిసిపోవాలి. మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్ళకి తాళం వెయ్యడం చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ తాళం జరుగుతున్న పాటని లెక్కపెడుతుంది, పాడేవాళ్ళే వేసుకుంటారు కాబట్టి ఎవరికీ ముందుగా కబురు చెప్పనక్కర్లేదు. కండక్టర్ చెయ్యి రాబోయేదాన్ని చెప్పాలి. ఆదితాళం తప్పులేకుండా వేసేవాళ్ళు కూడా మొదట్లో ఇక్కడే తడబడతారు, అందులో కంగారు పడాల్సిందేమీ లేదు.

చెయ్యాల్సింది ఇది. చేతులు ఎత్తే ముందు పాటలో బాగా నడక ఉన్న ఒక లైను మనసులో పాడుకుని వేగం ఖాయం చేసుకోండి. చేతులు ఎత్తి ఆగండి, అందరి కళ్ళూ మీ మీదికి వచ్చేదాకా కదలొద్దు. తర్వాత చెయ్యి పైకి వెళ్తుండగా మీరూ వాళ్ళతో పాటు ఊపిరి పీల్చండి, ఫ్లూట్, క్లారినెట్ వాయించేవాళ్ళకి వేళ్ళ కంటే మీ ఊపిరే ముందు అందుతుంది. ఆ తర్వాత కిందికి బీట్. పైకి వెళ్ళిన వేగం, కిందికి వచ్చిన వేగం ఒకటే ఉండాలి. ఎత్తే ముందు మణికట్టుతో చిన్నగా ఇంకో కుదుపు ఇచ్చారంటే సగం మంది దానికే ఎత్తుకుంటారు. అది మీకు తెలియకుండానే జరుగుతుంది కాబట్టి వాయించేవాళ్ళ వైపు నుంచి ఫోన్‌లో వీడియో తీయించుకుని చూడండి. నా ఉద్దేశంలో అద్దం కంటే అదే మేలు.

దెబ్బ పడ్డాక కాస్త ఆగి ఎత్తుకునే కృతులు మన దగ్గర చాలా ఉన్నాయి. వాటికి ఆ సందులో ఇంకో సైగ చెయ్యాలని చూడకండి. దెబ్బని మాత్రం స్పష్టంగా ఇవ్వండి, వాళ్ళు దాని మీద ఊపిరి తీసుకుని ఎత్తుకుంటారు.

"ఎన్నో బీట్‌లో ఉన్నామో తెలియడం లేదంటున్నారు"

చెయ్యి గాల్లో గుండ్రంగా తిరుగుతోందన్నమాట. నాలుగు బీట్లకి కుడిచెయ్యి కిందికి, మీ ఎడమకి, కుడికి, పైకి వెళ్ళాలి. మూడు బీట్లకైతే కిందికి, కుడికి, పైకి. ప్రతి బీట్ దాదాపు ఒకే ఎత్తులో, నడుముకి కాస్త పైన, కనపడని బల్ల మీద తట్టినట్టు పడాలి. తట్టిన చోటే బీట్, తర్వాత చెయ్యి పైకి లేవడం చిన్నదిగా ఉండాలి. మెట్రోనోమ్ (నిమిషానికి ఇన్ని బీట్లని టిక్ టిక్ కొట్టే పరికరం) 60 మీద పెట్టి రోజూ కాసేపు చెయ్యండి, తర్వాత 72, ఆపైన 96.

"పాట మధ్యకి వచ్చేసరికి వేగం పెరిగిపోతోంది"

గట్టిగా వాయించాల్సిన చోట, చిన్న చిన్న స్వరాలు వరసగా వచ్చే చోట ఎవరైనా పరిగెత్తుతారు. అప్పుడు కండక్టర్ చేసే పని ఏమిటంటే చెయ్యి పెద్దది చేసి ఆపాలని చూడడం. పెద్ద చెయ్యి చూస్తే వాళ్ళకి ఇంకా ఉత్సాహం వస్తుంది, ఇంకా పరిగెత్తుతారు. చెయ్యి చిన్నది చెయ్యండి, మణికట్టు మాత్రమే కదలాలి, మృదంగం లేదా డ్రమ్స్ వాయించే మనిషి కళ్ళలోకి చూడండి. ఆ ఒక్కరు మీతో ఉంటే మిగతావాళ్ళు వెనక్కి వస్తారు.

మీరు వాళ్ళని వింటూ వాళ్ళ వెనకే చెయ్యి ఊపుతున్నారేమో కూడా చూసుకోండి. వినాలి, కానీ వాళ్ళు నడిపితే మీరు నడవకూడదు. రిహార్సల్లో వాద్యాలు కింద పెట్టించి ఆ భాగాన్ని అందరి చేతా "తకధిమి తకధిమి" అని నోటితో చెప్పించండి, చేతులు కొట్టకుండా. నోటికి పట్టిన నడక వేళ్ళకీ వస్తుంది. మన పిల్లలకి ఇది తెలిసిన విద్యే కాబట్టి మెట్రోనోమ్ కంటే తొందరగా పనిచేస్తుంది.

"వెనక వరస ఎప్పుడూ ఆలస్యం"

స్కూలు గ్రౌండ్‌లో పెద్ద బ్యాండుతో ఇది తప్పదు. శబ్దం 35 మీటర్లు రావడానికి సెకనులో దాదాపు పదోవంతు పడుతుంది. వెనకాల ఉన్న డ్రమ్ము ముందువాళ్ళు వాయించేది విని కొడితే ఒకసారి ఆలస్యం, ఆ శబ్దం మళ్ళీ మీ దాకా వచ్చేసరికి రెండోసారి. నిమిషానికి 120 బీట్ల మార్చ్‌లో బీట్ అర సెకనే, కాబట్టి ఆ తేడా చెవికి కొట్టినట్టు తెలుస్తుంది. వెనకవాళ్ళకి గట్టిగా చెప్పండి, ముందు వరసని వినొద్దు, నా చెయ్యి చూసి కొట్టండి అని. మీరు కాస్త ఎత్తులో నిలబడాలి, వెనకవాళ్ళకి మీ చెయ్యి కనపడకపోతే ఈ మాటలన్నీ వృథా.

"విడివిడిగా బాగుంది, కలిపితే అపశ్రుతి"

ఇక్కడ మూడు వేర్వేరు కారణాలు కలిసిపోతాయి. మొదటిది, కర్ణాటక వయొలిన్ వాళ్ళు గాయకుల శ్రుతికి స-ప-స-ప కలుపుకుంటారు, చర్చిలో నేర్చుకున్నవాళ్ళు జి-డి-ఏ-ఈ అనే పాశ్చాత్య స్వరాలకి కలుపుకుంటారు. ఒకే బృందంలో ఇద్దరూ ఉంటే పాట ఏ శ్రుతిలో ఉందో మొదటిరోజే తేల్చుకోండి. కీబోర్డ్ ఉంటే అందరూ దానికే కలపాలి, దాని 'ఏ' (A) అనే స్వరం 440 హెర్ట్జ్‌లో ఉందో, ఎవరైనా ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చే మీట) నొక్కి వదిలేశారో ముందు చూడండి.

రెండోది ట్రంపెట్, క్లారినెట్. బి ఫ్లాట్ ట్రంపెట్ మనిషి కాగితం మీదున్న సి వాయిస్తే బయటికి బి ఫ్లాట్ వినపడుతుంది. కీబోర్డ్ కాగితాన్నే జిరాక్స్ తీసి అతనికి ఇస్తే తప్పు అతనిది కాదు, ఒక స్వరం పైకి రాసి ఇవ్వాలి.

మూడోది మన ఎండ. ఏసీ గదిలో కలిపి బయట షామియానా కిందికి వస్తే ఊదే వాద్యాల శ్రుతి పెరుగుతుంది, తీగల శ్రుతి దిగుతుంది. రెండూ ఎదురెదురు దిక్కుల్లో పోతాయి. మే నెలలో విజయవాడలో సాయంత్రం ప్రోగ్రాం అంటే వాయించే చోటికే వచ్చి, వాద్యాలు ఆ వేడికి అలవాటు పడ్డాక మళ్ళీ కలపాల్సిందే, ఎంత టెన్షన్‌లో ఉన్నా ఆ పావుగంట ఎవరికీ వదిలిపెట్టకండి. ఫ్యాన్ గాలికి కాగితాలు ఎగురుతాయి, బట్టల క్లిప్పులు తెచ్చుకోమని చెప్పండి.

"మెల్లగా వాయించమంటే వాయించరు"

మీ రెండు చేతులూ ఒకేలా ఊగుతున్నాయి, అందుకని. బీట్ కుడిచేతిది, ఎడమచెయ్యి పెంచడానికీ తగ్గించడానికీ, ఎవరు ఎత్తుకోవాలో చూపడానికీ. అభ్యాసం: కుడిచేత్తో నాలుగు బీట్లు వేస్తూ ఎడమ అరచెయ్యి పైకి పెట్టి ఎనిమిది బీట్లు నెమ్మదిగా లేపండి, తిప్పి ఎనిమిది బీట్లు దించండి. మొదట్లో రెండు చేతులూ ఒకదాన్నొకటి లాగుతాయి, వారం రోజుల్లో విడిపోతాయి. కీబోర్డ్ స్పీకరు జనం వైపే తిరిగి ఉంటే ఆ మనిషికి తన వాయింపు వినపడదు, వాల్యూమ్ పెంచుకుంటూ పోతాడు. స్పీకరు కొంచెం అతని వైపు తిప్పితే మీ చెయ్యితో పనిలేకుండానే తగ్గిస్తాడు.

"ముగింపు చిందరవందరగా ఉంది"

ఆపడానికీ సన్నాహం కావాలి. చివరి స్వరాన్ని పట్టి ఉంచేటప్పుడు చెయ్యి పూర్తిగా ఆగిపోకూడదు, నెమ్మదిగా కదులుతూనే ఉండాలి. తర్వాత చిన్న పైకి ఎత్తు, ఒక మెలిక, ఆపు. స్వరం ఆగినా చేతులు వెంటనే దించకండి.

"మన సంగీతానికి చెయ్యి ఊపే మనిషి ఎందుకు అంటున్నారు"

కచేరీలో నలుగురు ఒకరినొకరు చూసుకుంటే సరిపోతుంది, నిజమే. ఇరవై మందికి సరిపోదు. ఆకాశవాణి 1952లో ఢిల్లీలో వాద్యబృందం పెట్టినప్పుడు సితార్ విద్వాంసులు రవిశంకర్ దాన్ని నడిపారు, తర్వాత మన వైణికులు ఈమని శంకరశాస్త్రి ఆ బృందానికి రచనలు చేసి నడిపారు. ఈ మాట పెద్దవాళ్ళతో మర్యాదగా చెప్పండి. ఆ తర్వాత వాదన మానేసి, వాయించేవాళ్ళు మిమ్మల్ని చూడాల్సిన నాలుగైదు చోట్లు కాగితం మీద గుర్తు పెట్టించండి, మొదటి రెండు బార్లు (బార్ అంటే మూడో నాలుగో బీట్ల ఒక చుట్టు), చివరి రెండు బార్లు కంఠతా పట్టమనండి. మీరూ స్కోర్‌లో తల దూర్చకూడదు, మీరు కాగితం చూస్తుంటే వాళ్ళూ కాగితమే చూస్తారు.

"భుజం నొప్పి"

మోచెయ్యి పక్కలకి మరీ ఎత్తి పెడుతున్నారు, లేదా చేతిలోని సన్నని కర్ర, అదే బాటన్‌ని పిడికిలితో బిగించి పట్టుకుంటున్నారు. బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని మిగతా వేళ్ళు వదులుగా ఆన్చండి. బాటన్ లేకపోయినా ఇబ్బంది లేదు, పదిమంది బృందానికి ఉత్త చెయ్యి చాలు. అప్పటికీ నొప్పి తగ్గకపోతే రెండు రోజులు రిహార్సల్ ఆపి డాక్టర్‌కి చూపించుకోండి.