పిల్లో షామ్‌లు: కొలత, కుట్టు, అమరిక

మంచం తలవైపు నిండుగా కనబడాలంటే కొత్త దుప్పటి ఒక్కటే చాలదు, దిండ్లు నిటారుగా నిలబడాలి. అందుకోసమే పిల్లో షామ్, అంటే అలంకారానికి దిండుకు తొడిగే గలీబు. చుట్టూ రెండంగుళాల చదును అంచు, వెనకాల ఒకదాని మీదికి ఒకటి ఎక్కే రెండు ముక్కలు, మధ్యలో దిండు దూరే గడి. రాత్రి పడుకునేటప్పుడు వీటిని తీసి పక్కన పెట్టాలి. తలనూనె మరక అంచు దాకా పాకితే మళ్లీ వదలదు.

కొలతలోనే ఎక్కువ మంది తప్పుతారు. షామ్ సైజును కొందరు అంచుతో కలిపి చెబుతారు, కొందరు అంచు వదిలేసి చెబుతారు. మీకు కావలసింది లోపలి గడి కొలత. అమెరికా నుంచి తెచ్చే స్టాండర్డ్ షామ్ గడి 20×26 అంగుళాలు. మన 17×27 దిండు అందులో ఎత్తులో మూడంగుళాలు వదులు, పొడవులో ఒక అంగుళం ఇరుకు. కాబట్టి కుట్టించుకోవడమే మేలు.

17×27 దిండ్లు రెంటికి, 44 అంగుళాల పన్నా ఉన్న నూలు బట్ట రెండున్నర మీటర్లు తీసుకోండి. పెడన కలంకారీ అయినా, పోచంపల్లి ఇక్కత్ అయినా కత్తెర పెట్టకముందే చల్లటి నీళ్లలో విడిగా నానబెట్టి, రంగు దిగడం ఆగేదాకా జాడించి, నీడలో ఆరేసి ఇస్త్రీ చేయండి. ఈ పని ఎగ్గొడితే మొదటి ఉతుకులోనే గడి కుదించుకుపోయి దిండు పట్టదు.

ఒక్కో షామ్‌కు ముందు ముక్క 32×22 ఒకటి, వెనక ముక్కలు 20×22 రెండు కావాలి. 32 అంగుళాల వైపు పన్నా మీద అడ్డంగా రావాలి. అప్పుడే కలంకారీ చెట్లూ నెమళ్లూ మంచం మీద నిటారుగా నిలుస్తాయి. బట్ట మిగుల్చుకుందామని నిలువుగా కత్తిరిస్తే పక్కకు పడిపోతాయి. పెద్ద పువ్వు ఉంటే దాన్ని ముక్కకు సరిగ్గా నడిమికి తెచ్చుకోండి.

వెనక ముక్కల్లో ఒక్కోదానికి ఒకవైపు 22 అంగుళాల అంచును ముందు అర అంగుళం, ఆపై ఒక అంగుళం మడిచి కుట్టండి. ముందు ముక్కను బొమ్మ పైకి ఉండేలా పరిచి, వెనక ముక్కలను బొమ్మ కిందికి ఉండేలా దాని మీద పెట్టండి. మధ్యలో ఐదంగుళాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. మూడంగుళాల కన్నా తగ్గితే దిండు పొట్ట దగ్గర నోరు తెరుచుకుంటుంది. చుట్టూ అర అంగుళం లోపలికి కుట్టి, మూలలు ఏటవాలుగా కత్తిరించి, తిరగేసి, మూలలను మొద్దు పెన్సిల్‌తో తోయండి. కత్తెర మొనతో తోస్తే బట్ట చిరుగుతుంది.

ఇక అసలు పని అంచు. ఇస్త్రీ చేశాక బయటి అంచు నుంచి రెండంగుళాల దగ్గర సుద్దతో గీత గీసి, గీత పొడవునా రెండు మూడు అంగుళాలకో గుండుసూది గుచ్చి, ఆ గీత మీదే చుట్టూ కుట్టండి. మిషన్ పళ్లు కింది బట్టను ముందుకు లాగుతాయి, పై బట్ట వెనకబడుతుంది. సూదులు లేకపోతే అంచు మెలి తిరగడానికి కారణం అదే. మూల దగ్గర మిషన్ సూదిని బట్టలోనే దించి ఉంచి, పాదం ఎత్తి బట్టను తిప్పండి. బట్ట మరీ పల్చనైతే అంచు వేలాడుతుంది, తిరగేయకముందే ముందు ముక్క వెనకవైపు అంచు మేరకు ఇస్త్రీతో అతుక్కునే పల్చటి బక్రం వేయాలి.

పాత బూరుగు దూది దిండు అణిగిపోయి ఉంటే మూలలు ఖాళీగా కనబడతాయి. ముందు ఒక పూట ఎండలో పెట్టి చూడండి. అప్పటికీ పొంగకపోతే సుద్ద గీతను రెండు బదులు రెండున్నర అంగుళాల దగ్గర గీయండి. గడి 16×26కు తగ్గి దిండు బిగుతుగా నిండుతుంది, అంచూ కాస్త వెడల్పవుతుంది.

అమర్చేటప్పుడు రోజూ పడుకునే దిండ్లను తలపలకకు ఆనించి, వాటి ముందు షామ్‌లను కొద్దిగా వెనక్కి వాల్చి నిలబెట్టండి. కుట్టు అయ్యాక ఒక్కో షామ్ 31 అంగుళాలు ఉంటుంది. 60 అంగుళాల క్వీన్ మంచానికి రెండూ సరిపోతాయి, నడుమ అంచులు రెండంగుళాలు ఎక్కనిస్తే చాలు. 72 అంగుళాల కింగ్‌కు అటూ ఇటూ వెలితి ఉంటుంది కాబట్టి వెనక వరసలో 24 అంగుళాల చదరపు దిండ్లు మూడు నిలబెట్టండి. తలపలక లేని మంచం మీద నిలబెట్టినవి జారిపోతాయి. అక్కడ మామూలు దిండు మీద షామ్‌ను పడుకోబెట్టడమే నయం.

ఉతికేటప్పుడు తిరగేసి వేయండి. కాస్త తడి ఉండగానే కుట్టు గీత నుంచి బయటికి ఇస్త్రీ పెట్టె నడపండి. బయటి నుంచి లోపలికి నడిపితే ముడతలన్నీ కుట్టు దగ్గర పోగుపడతాయి.