సిబిల్ స్కోరు పడిపోయిందా? ఎఫ్‌డీ మీద క్రెడిట్ కార్డు తీసుకుని మళ్లీ నిలబెట్టుకోవడం ఎలా?

మన వరంగల్ వైపు చిట్టీ ఎత్తినవాళ్లు చివరి నెల దాకా తప్పకుండా కడతారు. పత్తి అమ్మిన రోజే కిరాణా ఖాతా తీర్చేస్తారు. గిరిగిరి ఫైనాన్స్‌కు రోజూ సాయంత్రం లెక్కగా చేతిలో పెడతారు. అలాంటివాళ్లే ట్రాలీ ఆటో లోన్ కోసం బ్యాంకు మెట్లెక్కితే "మీ సిబిల్ బాగాలేదు" అనే మాట విని తిరిగొస్తారు. సిబిల్ స్కోరు అంటే తీసుకున్న అప్పులు ఎంత సరిగ్గా కట్టామో చెప్పే అంకె. చేతి చిట్టీ, కిరాణా ఖాతా, గిరిగిరి ఇవేవీ సిబిల్ పుస్తకంలోకి ఎక్కవు. ఎప్పుడో ఆగిపోయిన ఫోన్ ఈఎంఐ మాత్రం ఎక్కుతుంది.

నాకు అదే జరిగింది. 2020 లాక్‌డౌన్‌లో హనుమకొండలో నా కుట్టు షాపు మూతబడి నాలుగు ఈఎంఐలు ఆగాయి. రికవరీ ఏజెంటు వచ్చి "సగం కట్టండి, ఫైల్ క్లోజ్ చేస్తం" అన్నాడు. అప్పు తెచ్చి కట్టాను. కొత్త మిషన్ల కోసం లోన్ అడిగినప్పుడు గానీ తెలియలేదు, నా రిపోర్టులో ఉన్నది బాకీ మొత్తం తీరిందని చెప్పే "క్లోజ్డ్" కాదు, కొంతే కట్టి ముగించారని చెప్పే "సెటిల్డ్" అని. ఆ దెబ్బ నుంచి బయటపడటానికి నాకు పనికొచ్చింది ఎఫ్‌డీ మీద ఇచ్చే క్రెడిట్ కార్డు. దీన్నే సెక్యూర్డ్ కార్డు అంటారు. మన ఎఫ్‌డీని బ్యాంకు హామీగా పట్టుకుంటుంది, దానికి తగ్గ లిమిట్‌తో కార్డు ఇస్తుంది. డబ్బు తన దగ్గరే ఉంటుంది కాబట్టి పాత స్కోరును అంతగా పట్టించుకోదు. చాలా బ్యాంకులు జీతం కాగితాలు కూడా అడగవు.

మొదట రిపోర్టు తీసి చదవండి

కార్డు తర్వాత. దెబ్బ ఎక్కడ తగిలిందో ముందు చూడాలి. మన దేశంలో ఈ లెక్కలు రాసే సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్‌ఐఎఫ్ హైమార్క్. ఒక్కొక్కటి ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని ఆర్‌బీఐ నియమం. వాళ్ల వెబ్‌సైట్‌లో పాన్ నంబరు, ఫోన్ నంబరు ఇచ్చి తీసుకోవచ్చు. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు, ఆ టెన్షన్ అక్కర్లేదు.

స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. కానీ ఆ అంకె దగ్గరే ఆగిపోకండి, కింద ఒక్కో లోన్‌కూ ఉన్న నెలవారీ గడులు చదవండి. 000 అంటే ఆ నెల సమయానికి కట్టినట్టు. 030, 060 అంటే అన్ని రోజులు ఆలస్యమైనట్టు. "సెటిల్డ్", "రిటన్ ఆఫ్" (ఇక రాదని బ్యాంకు నష్టం కింద రాసుకున్న బాకీ) అనే మాటలు ఉన్నాయేమో చూడండి. పొదుపు సంఘం లోన్లు, మైక్రోఫైనాన్స్ లోన్లు, మీరు ఎవరికైనా జామీను ఉన్న లోన్లు కూడా కనిపించవచ్చు. 2024లో రుణమాఫీ వచ్చిన రైతులు ఆ పంట రుణం ఎలా నమోదైందో తప్పకుండా చూసుకోండి.

పేర్ల గొడవ మన దగ్గర ఎక్కువ. ఇంటిపేరు పాన్‌లో ముందు ఉంటుంది, ఆధార్‌లో వెనక ఉంటుంది, పాస్‌బుక్‌లో ఒక్క అక్షరమై మిగులుతుంది. అదే పేరున్న ఇంకొకరి బాకీ మీ రిపోర్టులోకి వచ్చి ఉండవచ్చు. మీది కాని లోన్ కనిపిస్తే అదే వెబ్‌సైట్‌లో డిస్ప్యూట్, అంటే తప్పు దిద్దమనే ఫిర్యాదు పెట్టండి, పైసా ఖర్చు ఉండదు. ఫిర్యాదు 30 రోజుల్లో తేలకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. "ఐదు వేలు ఇస్తే స్కోరు 750 చేసి పెడతాం" అనేవాళ్లకు మాత్రం మీ పాన్ కార్డు ఫొటో కూడా పంపకండి. రిపోర్టులో ఉన్న నిజాన్ని ఎవరూ చెరిపేయలేరు.

పాత బాకీ తేల్చుకోండి

కట్టాల్సిన పాత బాకీ ఉండగా కొత్త కార్డు తీసుకుంటే కుండకు చిల్లు ఉంచి నీళ్లు పోసినట్టే. "సెటిల్డ్" అని ఉంటే అప్పు ఇచ్చిన సంస్థతో మాట్లాడి, మిగిలింది ఎంతో రాతపూర్వకంగా అడగండి. కట్టగలిగితే కట్టి, బాకీ ఏమీ లేదని రాసిచ్చే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి, రిపోర్టులో "క్లోజ్డ్"గా మార్చమని అడగండి. ఏజెంటు నోటిమాట మీద డబ్బు ఇవ్వకండి. నేను చేసిన తప్పు అదే.

ఎఫ్‌డీ ఎంత, ఏ బ్యాంకులో

ఏడాదిన్నర దాకా అవసరం పడని డబ్బే ఇందులో పెట్టాలి. కార్డు నడుస్తున్నంత కాలం ఆ ఎఫ్‌డీని విరగ్గొట్టడం కుదరదు. పిల్లల ఫీజు డబ్బు, ఆస్పత్రి కోసం దాచిన డబ్బు పెట్టకండి. ఎఫ్‌డీ మీద వచ్చే మిత్తి మాత్రం మామూలుగానే వస్తుంది.

ఖాతా ఉన్న బ్యాంకులోనే ముందు అడగండి. కనీస ఎఫ్‌డీ ఎంత, అందులో ఎంత శాతం లిమిట్ ఇస్తారు, ఏడాది ఫీజు ఉందా, ఎఫ్‌డీ గడువు తీరితే దానంతటదే రెన్యువల్ అవుతుందా అనేవి తప్పక అడగాలి. చాలా చోట్ల ఎఫ్‌డీలో 75 శాతం నుంచి మొత్తం దాకా లిమిట్ ఇస్తారు. భార్యాభర్తల పేరు మీద కలిపి ఉన్న ఎఫ్‌డీని కొన్ని బ్యాంకులు ఒప్పుకోవు. చిన్న ఫైనాన్స్ బ్యాంకు అయినా భయం లేదు, ఒక బ్యాంకులో ఒక మనిషికి అసలు, మిత్తి కలిపి 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంటుంది. చిట్‌ఫండ్ కంపెనీలో ఉన్న డిపాజిట్ మీద ఈ కార్డు రాదు. ప్రీపెయిడ్ కార్డు ఇచ్చి "ఇదీ అదే" అని ఎవరైనా అంటే నమ్మకండి. డెబిట్ కార్డుతో, ప్రీపెయిడ్ కార్డుతో ఎంత ఖర్చు పెట్టినా స్కోరు పెరగదు, ఎందుకంటే అది అప్పు కాదు.

ఒకే వారంలో నాలుగు బ్యాంకుల్లో దరఖాస్తు పెట్టకండి. అప్పు కోసం పెట్టే ఒక్కో దరఖాస్తూ రిపోర్టులో నమోదవుతుంది.

ఏం కొనాలి, ఎంత కొనాలి

25,000 ఎఫ్‌డీ మీద 20,000 లిమిట్ వచ్చిందనుకుందాం. బిల్లులో ఎప్పుడూ 6,000 దాటకుండా చూసుకోండి, అంటే లిమిట్‌లో 30 శాతం లోపు. ఇంకా తక్కువైతే ఇంకా మంచిది. ఎలాగూ ప్రతి నెలా పెట్టే ఖర్చునే కార్డు మీదికి మార్చండి: ఫోన్ రీచార్జ్, కరెంటు బిల్లు, గ్యాస్ సిలిండర్. కార్డు వచ్చిందని కొత్త ఖర్చు పుట్టకూడదు. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలిపి దుకాణంలో స్కాన్ చేసి కూడా కట్టవచ్చు. కానీ స్కాన్ చేసేటప్పుడు పోతున్నది మన డబ్బా, అప్పు డబ్బా అనేది గుర్తుండదు. మొదటి ఆరు నెలలు దాని జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఏదైనా నెల పెళ్లి బట్టలకో, మందులకో 9,000 అయితే బిల్లు తయారయ్యే తేదీకి ముందే 5,000 కట్టేయండి. సాధారణంగా బిల్లులో ఉన్న మొత్తమే స్కోరు సంస్థలకు వెళుతుంది.

ఏటీఎంలో ఈ కార్డుతో డబ్బు తీయకండి. ఫీజు పడుతుంది, తీసిన రోజు నుంచే మిత్తి మొదలవుతుంది. "కార్డు గీకితే నగదు ఇస్తాం, రెండు మూడు శాతం చాలు" అనే షాపులకు అసలే పోకండి.

కట్టే తేదీ: అసలు పని ఇక్కడే

కార్డుకు రెండు తేదీలు ఉంటాయి. ఒకటి బిల్లు తయారయ్యే తేదీ, రెండోది కట్టాల్సిన గడువు. మధ్యలో రెండు మూడు వారాలు ఉంటుంది. గడువు లోపల మొత్తం బిల్లు కడితే మిత్తి ఒక్క రూపాయి కూడా పడదు.

బిల్లు మీద "మినిమమ్ డ్యూ" అని ఒక చిన్న అంకె కనిపిస్తుంది. దయచేసి దాన్ని చూసి ఊరట పొందకండి. 5,400 బిల్లుకు మినిమమ్ 270 ఉందనుకోండి. అంతే కట్టి ఊరుకుంటే మిగిలిన 5,130 మీద నెలకు మూడున్నర శాతం లెక్కన 180 మిత్తి, దాని మీద 18 శాతం జీఎస్టీ 32, మొత్తం 212 రూపాయలు. పైగా ఆ తర్వాత కొన్న వస్తువులకు కూడా మిత్తి లేని గడువు పోతుంది. మన ఊళ్లో నూటికి రెండు రూపాయల మిత్తి అంటేనే గుండె గుభేలుమంటుంది. చాలా కార్డుల మీద నూటికి మూడు రూపాయలకు పైనే ఉంటుంది. మినిమమ్ కడితే స్కోరుకు ఆలస్యం కింద పడకపోవచ్చు గానీ బాకీ తరగదు.

అందుకే ఆటోపే పెట్టుకోండి. పెట్టేటప్పుడు "టోటల్ అమౌంట్ డ్యూ" ఎంచుకోండి, "మినిమమ్" కాదు. గడువుకు రెండు రోజుల ముందే ఖాతాలో డబ్బు ఉంచండి.

నెల జీతం ఉన్నవాళ్లకు ఇది సులువు. మన దగ్గర చాలామందికి డబ్బు నెలనెలా రాదు. పత్తి డబ్బు దసరా దాటాక, మిర్చి డబ్బు ఎండలు ముదిరే వేళ ఎనుమాముల మార్కెట్లో చేతికొస్తుంది. మధ్యలో ఖాళీ. ఇలాంటి కుటుంబాలకు నేను చెప్పే పద్ధతి ఒకటుంది. కార్డు మీద నెలకు 500 మించని ఖర్చు ఒక్కటే పెట్టుకోండి. పంట అమ్మిన రోజు ఏడాదికి సరిపడా 6,000 ఆటోపే ఉన్న ఖాతాలో వేసేయండి. ఆ ఖాతా ఏటీఎం కార్డు బీరువాలో పెట్టండి. వాన పడ్డా పడకపోయినా పన్నెండు గడుల్లోనూ 000 పడుతుంది. ఆటో నడిపేవాళ్లు, మార్కెట్‌లో హమాలీ పని చేసేవాళ్లు రోజుకు 20 రూపాయలు పక్కన పెట్టినా నెలకు 600 అవుతుంది. బిల్లు చిన్నదైనా ఫర్వాలేదు, తేదీ తప్పకపోవడమే లెక్క.

గడువు తేదీ మీ చేతికి డబ్బొచ్చే రోజుకు కుదరకపోతే మార్చమని అడగండి. కనీసం ఒకసారైనా బిల్లు తేదీ మార్చుకునే వీలు కల్పించాలని ఆర్‌బీఐ చెప్పింది. గడువు దాటి మూడు రోజుల కంటే ఎక్కువ ఆగితేనే ఆలస్యంగా రిపోర్టు చేయాలనే నియమం కూడా ఉంది. అది పొరపాటు జరిగిన రోజు ఆదుకోవడానికి, ప్రతి నెలా వాడుకోవడానికి కాదు.

కొందరు "ఎఫ్‌డీ ఉంది కదా, కట్టకపోతే బ్యాంకే కోసుకుంటుంది" అంటారు. కోసుకుంటుంది నిజమే. దానికి ముందు ఆలస్యమైన నెలలన్నీ రిపోర్టులో పడతాయి. దాచుకున్న డబ్బూ పోతుంది, స్కోరూ పోతుంది.

ఎన్నాళ్లు పడుతుంది

2025 జనవరి నుంచి బ్యాంకులు స్కోరు సంస్థలకు కనీసం పదిహేను రోజులకోసారి వివరాలు పంపాలి, కాబట్టి కట్టింది మునుపటికంటే త్వరగా కనిపిస్తుంది. అసలు లోన్ చరిత్రే లేనివాళ్లకు స్కోరు తయారవడానికి సుమారు ఆరు నెలలు పడుతుంది. దెబ్బతిన్న స్కోరు తేరుకోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది, పాత గాయం పెద్దదైతే ఇంకా ఎక్కువ. "సెటిల్డ్" అన్న మాట ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది, దాని పక్కన మంచి నెలలు పేరుస్తూ పోవాలి. మూడు నాలుగు నెలలకోసారి ఒక్కో సంస్థ రిపోర్టు తీస్తే ఏడాది పొడవునా ఉచితంగానే గమనించుకోవచ్చు. నాకైతే తొమ్మిదో నెలలో గానీ చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. మధ్యలో వదిలేద్దామనిపించిన రోజులు ఉన్నాయి. మీకూ అనిపిస్తే ఆ నెల రీచార్జ్ ఒక్కటి చేసి ఊరుకోండి, కార్డును మాత్రం నడవనివ్వండి.

ఏడాది దాటాక

బ్యాంకుకు వెళ్లి ఎఫ్‌డీ అవసరం లేని మామూలు కార్డు ఇస్తారా అని అడగండి. ఇస్తే అది చేతికొచ్చి రెండు మూడు నెలలు నడిచాక ఎఫ్‌డీ కార్డు సంగతి ఆలోచించండి. ముందే మూసేస్తే ఇన్నాళ్లూ కట్టిన ఖాతా ఆగిపోతుంది. మూసేటప్పుడు బిల్లు పూర్తిగా కట్టి రాతపూర్వకంగా అడగండి. బాకీ లేకపోతే ఏడు పని దినాల్లో మూయాలి, లేదంటే ఆలస్యమైన ప్రతి రోజుకు 500 రూపాయలు మీకు ఇవ్వాలి. ఆ తర్వాత బ్రాంచికి పోయి ఎఫ్‌డీ మీద ఉన్న లీన్ (బ్యాంకు హామీగా పెట్టుకున్న పట్టు) తీసేశారో లేదో చూపించమని అడగండి, లీన్ పోయిన ఎఫ్‌డీ రసీదు చేతిలోకి తీసుకోండి. నెలన్నర ఆగి రిపోర్టు తీసి, ఆ కార్డు పక్కన "క్లోజ్డ్" అని ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి.