మానని నోటిపుండ్లు: యువతీయువకులు తీసుకోవలసిన జాగ్రత్తలు

సాధారణమైన నోటిపూత చిన్న వయసులో ఎక్కువగానే కనిపిస్తుంది. చాలావరకు 7 నుంచి 14 రోజుల్లో దానంతటదే మానిపోతుంది. మూడు వారాలు దాటినా మానని పుండు, చితికి పచ్చిగా మిగిలిపోయే పొక్కులు, బ్రష్ తగిలితే చాలు పొరలుగా ఊడివచ్చే చిగుళ్లు, బుగ్గల లోపల వలలా అల్లుకున్న తెల్లని గీతలు కనిపిస్తే మాత్రం రోగనిరోధక వ్యవస్థ సొంత కణజాలం మీదే దాడి చేస్తోందేమో చూపించుకోవాలి. విటమిన్ల లోపమేనని తేల్చుకుని నెలల తరబడి మాత్రలు మింగడం కంటే, బి12, ఫోలేట్, ఐరన్ నిజంగా తగ్గాయో లేదో రక్తపరీక్షతో తెలుసుకోవడం మేలు.

వైద్యుని దగ్గరకు వెళ్లేలోగా ప్రతి పుండు ఏ తేదీన వచ్చింది, ఎక్కడ వచ్చింది, ఎప్పుడు మానింది అన్నవి రాసిపెట్టి, మంచి వెలుతురులో ఫొటో తీసుకోవాలి. నోటికి సంబంధం లేదనిపించే లక్షణాలను కూడా చెప్పాలి: ఎండకు వచ్చే దద్దుర్లు, కీళ్ల నొప్పులు ఒంట్లోని పలు అవయవాలపై రోగనిరోధక వ్యవస్థ దాడి చేసే లూపస్‌ను, తగ్గని విరేచనాలు, బరువు తగ్గడం పేగుల్లో వాపు తెచ్చే క్రోన్స్ వ్యాధిని, చెవుల కింద పదేపదే వచ్చే వాపు లాలాజల, కన్నీటి గ్రంథులను దెబ్బతీసే షోగ్రెన్స్ సిండ్రోమ్‌ను సూచించవచ్చు. జననాంగాల వద్ద పుండ్లు, కంటి ఎరుపు, నొప్పి ఉంటే రక్తనాళాల్లో వాపు తెచ్చే బెహ్చెట్స్ వ్యాధిని పరిశీలిస్తారు కాబట్టి, ఈ వయసువారు సిగ్గుపడి దాచే ఆ ఒక్క మాటే రోగనిర్ధారణను ఏళ్ల తరబడి వాయిదా వేయవచ్చు.

పెంఫిగస్ వంటి పొక్కుల వ్యాధిని అనుమానించినప్పుడు చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తారు. కణజాలానికి అంటుకున్న యాంటీబాడీలను మెరిసే రంగుతో చూపే ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్షకు పుండు మధ్య నుంచి కాక, పక్కనున్న చెదరని పొర నుంచి ముక్క తీసుకోవాలి; దాన్ని మామూలుగా ముక్కలను నిల్వచేసే ఫార్మలిన్‌లో వేస్తే ఆ పరీక్షకు పనికిరాదు.

స్టెరాయిడ్ పేస్ట్ రాసిస్తే, తిన్న తర్వాత, పడుకునే ముందు వాడాలి. తడి మీద అది అంటుకోదు. అందుకే ముందుగా దూదితో ఆ చోటును అద్ది, వేలికొనపై కొద్దిగా తీసుకుని, రుద్దకుండా పలుచగా అంటించి, అరగంట పాటు ఏమీ తినకుండా, తాగకుండా ఉండాలి. తుడిస్తే ఊడివచ్చే తెల్లపూత కొత్తగా కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు, వైద్యునికి చెప్పాలి.

రక్తం వస్తోందని బ్రష్ చేయడం మానేస్తే పాచి పేరుకుని చిగుళ్లు మరింత పాడవుతాయి. మెత్తని బ్రష్, నురుగు తెప్పించే సోడియం లారిల్ సల్ఫేట్ లేని పేస్ట్ ఎంచుకోవాలి. అయితే అందులో ఫ్లోరైడ్ తప్పక ఉండాలి. నోరు ఎండిపోయేవారికి పళ్లు త్వరగా పుచ్చుతాయి గనుక, తీపి పానీయాల బదులు గుక్కెడు గుక్కెడుగా నీళ్లు, చక్కెర లేని చూయింగ్ గమ్ మంచివి.

స్టెరాయిడ్ మాత్రలను పుండు మానిందని హఠాత్తుగా ఆపకూడదు. ఈ వ్యాధులకు రోగనిరోధక వ్యవస్థను అణిచే మందు మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్కసారే ఇస్తారు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం, పైగా నోటిపుండ్లకు అదే కారణం కాగలదు. బుగ్గల లోపల తెల్లని గీతలు తెచ్చే లైకెన్ ప్లానస్ ఉన్నవారిలో కొద్దిమందికి కాలక్రమేణా క్యాన్సర్‌గా మారే అవకాశం ఉన్నందున, నొప్పి లేకపోయినా కనీసం ఏడాదికొకసారి నోరు పరీక్ష చేయించుకోవాలి.