ప్రొపేన్ గ్రిల్‌ను నేచురల్ గ్యాస్‌కు మార్చడం ఎలా?

అమెరికాలో స్థిరపడిన తెలుగువారి పెరళ్లలో వేసవి రాగానే గ్రిల్ వెలగడం మామూలైపోయింది. మెమోరియల్ డే మొదలుకొని లేబర్ డే దాకా నలుగురూ కలిసిన ప్రతి వారాంతంలోనూ మసాలా పట్టించిన కోడి తొడలు, మొక్కజొన్న కండెలు, పనీర్ ముక్కలు దాని మీదికి ఎక్కుతాయి. 20 పౌండ్ల ప్రొపేన్ సిలిండర్‌తో ఉన్న చిక్కల్లా, మాంసం సగం కాలిన వేళ అది నిండుకోవడమే. ఇంట్లోకి ఎలాగూ నేచురల్ గ్యాస్ పైపు వస్తున్నప్పుడు దాన్నే గ్రిల్‌కు కూడా ఇచ్చుకోవచ్చు. అయితే సిలిండర్ గొట్టం ఊడదీసి గోడ పైపుకు తగిలించినంత మాత్రాన పని పూర్తి కాదు. లోపలి జెట్లను (గ్యాస్ బయటికి వచ్చే సన్నని రంధ్రపు మూతులను), గ్యాస్ పీడనాన్ని అదుపు చేసే రెగ్యులేటర్‌ను మార్చాలి. అవి మీ మోడల్ కోసమే తయారైనవై ఉండాలి. అలాంటివి దొరకకపోతే ఈ పనికి పూనుకోకూడదు.

రెండు గ్యాస్‌లకు తేడా ఎక్కడ?

ఒక ఘనపుటడుగు ప్రొపేన్ మండితే సుమారు 2,500 బీటీయూల (వేడిని కొలిచే యూనిట్) వేడి వస్తుంది. అంతే నేచురల్ గ్యాస్ నుంచి వచ్చేది సుమారు 1,030 మాత్రమే. పైగా ప్రొపేన్ 11 అంగుళాల వాటర్ కాలమ్ (నీటి మట్టం ఎత్తుతో కొలిచే పద్ధతి) పీడనంతో గ్రిల్‌లోకి వస్తే, నేచురల్ గ్యాస్ మోడల్‌ను బట్టి 7 అంగుళాలతోనో 4 అంగుళాలతోనో వస్తుంది. కాబట్టి అదే వేడి రావాలంటే ఎక్కువ గ్యాస్ పారాలి, జెట్ రంధ్రం పెద్దది కావాలి. 7 అంగుళాల పీడనం దగ్గర రంధ్రం వైశాల్యం దాదాపు రెట్టింపు కావలసి వస్తుంది. ప్రొపేన్ జెట్లను అలాగే ఉంచి నేచురల్ గ్యాస్ ఇస్తే మంట నీరసంగా వెలుగుతుంది, అంతే. నేచురల్ గ్యాస్ జెట్లున్న గ్రిల్‌కు ఎవరైనా ప్రొపేన్ సిలిండర్ తగిలిస్తే మాత్రం మంటలు మూత దాటి పైకి లేస్తాయి. మార్చిన గ్రిల్ మీద ఏ గ్యాస్‌కు మార్చారో తెలిపే స్టిక్కర్ తప్పనిసరిగా ఉండాలనడం అందుకే.

కొనేముందు చూడవలసినవి

గ్రిల్ వెనుకనో తలుపు లోపలి వైపునో ఉండే రేటింగ్ ప్లేట్‌ను ముందుగా చదవాలి. మోడల్ నంబరు, గ్యాస్ రకం, పీడనం, బర్నర్ల బీటీయూలు దాని మీదే ఉంటాయి. ఆ నంబరుకు తయారీదారే అమ్మే మార్పిడి కిట్ ఉందో లేదో చూడాలి. చార్‌బ్రాయిల్ సంస్థ డ్యూయల్ ఫ్యూయల్ (రెండు గ్యాస్‌లకూ పనికొచ్చేవి) అని గుర్తించిన మోడళ్లకు కిట్ అమ్ముతుంది. వెబర్ సంస్థ తన గ్రిల్‌లను ఒక గ్యాస్ నుంచి మరొక గ్యాస్‌కు మార్చడాన్ని సమ్మతించదు. ఆ గ్రిల్ కావాలనుకుంటే మొదటే నేచురల్ గ్యాస్ మోడల్ కొనుక్కోవాలి. ఏ గ్రిల్‌కైనా సరిపోతుందని చెప్పి అమ్మే చవక కిట్లను, డ్రిల్ బిట్‌తో పాత జెట్ రంధ్రాన్ని పెద్దది చేసుకోమనే సలహాలను నేను ఎంతమాత్రం సమర్థించను. రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా గ్యాస్ పారే కొలత మారిపోతుంది, ఆ తేడా కంటికి కనిపించదు.

గ్యాస్ లైను

పెరట్లోకి కొత్త పైపు లాగడం లైసెన్సు ఉన్న ప్లంబర్ చేయవలసిన పని. చాలా నగరాల్లో పర్మిట్ కూడా తీసుకోవాలి. నేల తవ్వవలసి వస్తే ముందుగా తవ్వకాలకు ముందు పిలవాల్సిన 811 నంబరుకు ఫోన్ చేసి భూమిలోని లైన్లకు గుర్తులు పెట్టించుకోవాలి.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. ఇంటి బయటి మీటర్ మీద గంటకు 250 ఘనపుటడుగులు అని రాసి ఉందనుకుందాం. అంటే గంటకు సుమారు రెండున్నర లక్షల బీటీయూలు. ట్యాంక్ లేని వాటర్ హీటర్ ఒక్కటే 1,99,000 బీటీయూల దాకా లాగుతుంది. దానికి ఇంటిని వెచ్చబరిచే 80,000 బీటీయూల ఫర్నేస్ తోడైతే చాలు, లెక్క పరిమితి దాటిపోయినట్టే. దాని పైన 45,000 బీటీయూల గ్రిల్‌ను చేరిస్తే అన్నీ ఒకేసారి నడిచే వేళ పీడనం పడిపోవచ్చు. అందుచేత ఇంట్లోని గ్యాస్ పరికరాలన్నిటి బీటీయూలను ప్లంబర్‌తో కూడించి, మీటర్, పైపు సైజు సరిపోతాయో లేదో తేల్చుకోవాలి. చాలకపోతే గ్యాస్ కంపెనీతో మాట్లాడాలి. పైపు చివర షటాఫ్ వాల్వ్, గ్రిల్ హోస్‌ను సులువుగా తీసి పెట్టుకునే క్విక్ డిస్‌కనెక్ట్ ఉండేలా చూసుకోవాలి.

జెట్లు మార్చడం

సిలిండర్ వాల్వ్ మూసి, గ్రిల్ పూర్తిగా చల్లారాక, సిలిండర్‌ను విడదీయాలి. దాన్ని గరాజ్‌లో పెట్టకూడదు. ప్రొపేన్ గాలికంటే బరువైనది కనుక లీకైతే నేల మీదే పేరుకుంటుంది. సిలిండర్‌ను ఆరుబయట నిలువుగా ఉంచాలి. తర్వాత గ్రేట్లను, మంట కప్పులను, బర్నర్లను ఒక్కొక్కటిగా బయటికి తీయాలి. బర్నర్ గొట్టం మొదలును పరీక్షగా చూస్తే, అది వాల్వ్‌కు మరలతో బిగించి ఉండదనీ, వాల్వ్ చివరనున్న చిన్న ఇత్తడి జెట్ మీద ఊరికే తొడిగి ఉంటుందనీ తెలుస్తుంది. ఆ జెట్‌నే షాపుల్లో ఆరిఫిస్ అని అడగాలి. దాని ముఖాన సైజు సంఖ్య చెక్కి ఉంటుంది.

వాల్వ్‌ను ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, సరిపడే సాకెట్‌తో పాత జెట్ విప్పి, కిట్‌లోని కొత్తది ముందు వేళ్లతోనే మరలోకి ఎక్కించి, చివర కొద్దిగా బిగిస్తే చాలు. ఇత్తడి మెత్తనిది, బలం చూపితే మర చెడిపోతుంది. జెట్ మరలకు టెఫ్లాన్ టేప్ చుట్టకూడదు, ఆ పీలిక రంధ్రానికి అడ్డుపడుతుంది. ప్రధాన బర్నర్లకు, పక్క బర్నర్‌కు, మాంసాన్ని తిప్పుతూ కాల్చే వెనుక రొటిసరీ బర్నర్‌కు వేర్వేరు సైజులుంటాయి కాబట్టి కిట్ పట్టికతో సంఖ్యలు పోల్చుకుంటూ సాగాలి. బర్నర్లు బయటికి వచ్చినప్పుడే వాటి గొట్టాల్లో బ్రష్ ఆడించాలి. సాలెపురుగులు అక్కడే గూడు కడతాయి, ఆ గూడు వల్ల గ్యాస్ వెనక్కి తన్ని నాబ్‌ల దగ్గర మండిన సందర్భాలున్నాయి.

పాత ప్రొపేన్ హోస్‌ను రెగ్యులేటర్‌తో సహా తీసేసి, కిట్‌లోని నేచురల్ గ్యాస్ రెగ్యులేటర్‌ను దాని మీది బాణం గ్రిల్ వైపు చూపేలా బిగించాలి. ఫ్లేర్ ఫిట్టింగ్‌లకు టేప్ అక్కర్లేదు, లోహం మీద లోహం కూర్చునే అతుకు అది. పైపు మరలకు మాత్రం గ్యాస్‌కు పనికొచ్చే పసుపు టేప్ వాడాలి.

లీకు పరీక్ష, మొదటి మంట

ఈ పరీక్ష చేయకుండా గ్రిల్ వెలిగించకూడదు. నాబ్‌లన్నీ మూసి, షటాఫ్ వాల్వ్ తెరిచి, గిన్నెలు తోమే సబ్బు, నీళ్లు సమపాళ్లలో కలిపి ప్రతి అతుకుకూ బ్రష్‌తో పూయాలి. బుడగలు పొంగితే గ్యాస్ ఆపి, బిగించి, మళ్లీ పూసి చూడాలి. అప్పటికీ ఆగకపోతే ప్లంబర్‌ను పిలవాలి. అగ్గిపుల్లతో లీకు వెతకడం ప్రాణాంతకం. వాసన ఎక్కువగా వస్తుంటే అక్కడినుంచి దూరంగా జరిగి, గ్యాస్ కంపెనీకి గానీ 911కు గానీ ఫోన్ చేయాలి.

మొదటిసారి వెలిగించేటప్పుడు మూత తెరిచే ఉంచాలి. మంట నీలిరంగులో నిలకడగా ఉండాలి, కొసన కాస్త పసుపు ఉన్నా ఫర్వాలేదు. మంటంతా పసుపుగా వాలిపోతుంటే గాలి చాలడం లేదు. బుసకొడుతూ బర్నర్ మీదినుంచి పైకి లేస్తుంటే గాలి ఎక్కువైంది. బర్నర్ మొదట్లో ఉండే, లోపలికి వెళ్లే గాలిని పెంచి తగ్గించే ఎయిర్ షటర్‌తో దాన్ని సరిదిద్దాలి. ప్రొపేన్‌కు దాన్ని ఎక్కువ తెరుస్తారు, నేచురల్ గ్యాస్‌కు తక్కువ చాలు; మీ మోడల్‌కు ఎంతో మాన్యువల్‌లోనే ఉంటుంది. తర్వాత నాబ్‌ను ‘లో’ (తక్కువ మంట) మీద పెట్టి చూడాలి. మంట ఆరిపోతుంటే వాల్వ్ కాడ మధ్యలోని చిన్న స్క్రూతో సవరించవచ్చు, అయితే ఈ సౌకర్యం అన్ని గ్రిల్‌లకూ ఉండదు.

విప్పిన జెట్లను, పాత రెగ్యులేటర్‌ను పారేయకుండా మోడల్ నంబరు రాసిన సంచిలో దాచుకోవాలి. రేపు నేచురల్ గ్యాస్ లేని ఊరికి మారవలసి వస్తే గ్రిల్‌ను తిరిగి ప్రొపేన్‌కు మార్చడానికి అవే కావాలి.