కుక్కల దురద – స్వయంబోధిని, మూడవ పాఠం: ఎక్కడ గోకుతోంది, ఎప్పుడు గోకుతోంది

మొదటి పాఠంలో ఆరోగ్యంగా ఉన్న కుక్క చర్మాన్ని వెంట్రుకలు పాయలు తీసి చూడడం, రెండవ పాఠంలో చెవులను, కాలివేళ్ళ సందులను, తోక మొదలును రోజూ ఒకే వరుసలో తడిమి చూడడం నేర్చుకున్నాము. ఆ రెండూ అలవాటైనవారు ఈ పాఠంలోకి రావచ్చు. కానివారు మరో వారం అదే అభ్యాసం చేసి రావడం మంచిది, ఎందుకంటే మీ కంటికీ చేతికీ దొరికినదాన్ని పుస్తకంలో రాసుకొని, ఆ రాతను బట్టి దురదకు కారణమేమిటో దగ్గరగా అంచనా వేయడమే ఈ పాఠంలో మనం చేయబోయే పని.

కార్తికమాసపు వానలు పట్టుకున్న పది పదిహేను రోజులకల్లా కావలి నుంచి గూడూరు దాకా కుక్కలను పెంచేవారి ఇళ్ళలో ఒకే మాట వినిపిస్తుంది: "వానలు పడినప్పటి నుంచీ ఒకటే గోకుడండీ, పచ్చిగడ్డి పడలేదేమో." మాట తప్పు కాదు గాని అందులో సగమే ఉంది. నెల్లూరు జిల్లాలో ఏడాది మొత్తం కురిసే వానలో సగానికి పైగా ఈశాన్య ఋతుపవనాల వల్ల అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలలోనే కురుస్తుంది. ఆ నెలలలో పెరిగేది గడ్డి ఒక్కటే కాదు. గాలిలో తేమ పెరిగేసరికి కుక్కపేల (వెంట్రుకలలో గెంతే చిన్న పురుగుల) గుడ్లు బాగా పొదుగుతాయి, పరుపులలోను గోనెసంచులలోను కంటికి కనబడని దుమ్ముపురుగులు వృద్ధి చెందుతాయి, చర్మం మీద ఎప్పుడూ కొద్దిగా ఉండే ఈస్టు అనే సూక్ష్మజీవి తడి ఆరని మడతలలో విపరీతంగా పెరుగుతుంది. ఇవన్నీ ఒకే పక్షంలో కమ్ముకుంటాయి గనుకనే, అన్నింటికీ కలిపి ఎలర్జీ అన్న ఒక్క పేరు పెట్టి, ఒక్క ఇంజెక్షను వేయించి ఊరుకుంటాము. పడమటి వైపు మార్కాపురం, కనిగిరి మెట్ట ప్రాంతాలలో తేమ తక్కువ కాబట్టి అక్కడి క్యాలెండరు వేరుగా ఉంటుంది. చలి తగ్గి సర్కారు తుమ్మ పూతకు వచ్చిన రోజులు, మార్చి, ఏప్రిల్ నెలల కోతల దుమ్ము లేచే రోజులు, వానలకు వయ్యారిభామ మొలిచి పూసే రోజులు అక్కడి వారు ప్రత్యేకంగా గమనించవలసినవి. ఊరు మారితే లెక్క మారుతుంది కాబట్టి, పక్క జిల్లా వారి అనుభవాన్ని అరువు తెచ్చుకోకుండా మీ ఇంటి లెక్క మీరే రాసుకోవాలి.

పుస్తకం

ఒక నోటు పుస్తకం తీసుకొని రోజుకు ఒక వరుస రాయండి. అందులో తేదీ, ఆనాటి వాతావరణం, కుక్క ఎక్కడ తిరిగింది, ఏం తిన్నది, శరీరంలో ఎక్కడ గోకింది లేదా నాకింది అన్నవి ఉండాలి. చివర 0 నుంచి 10 వరకు ఒక అంకె వేయాలి. మామూలు కుక్క కూడా రోజులో అప్పుడప్పుడు గోక్కుంటుంది, అది 0 లేదా 1. తరచుగా గోక్కుంటున్నా పిలిస్తే వెంటనే మానేసి వస్తుంది, నిద్ర చెడదు అన్నప్పుడు 4 దగ్గర ఉంచండి. రాత్రి నిద్రలో కూడా లేచి గోక్కుంటూ, తినేటప్పుడు, ఆడుకునేటప్పుడు మాత్రం దాన్ని మరచిపోతుంటే 6. తిండి మధ్యలో కూడా ఆగి గోక్కుంటే 8. పట్టుకొని ఆపితే తప్ప ఆగని స్థితి 10. ఈ అంకెను ఇంట్లో ఒక్కరే వేయాలి. పొద్దున మీరు, సాయంత్రం మీ అబ్బాయి వేస్తే ఆ అంకెలను ఒకదానితో ఒకటి పోల్చలేము.

ఒక వరుస ఇలా ఉంటుంది: "నవంబరు 14, రాత్రి వాన, పొద్దున చెరువుకట్ట మీద తిరిగింది, అన్నం, కోడిగుడ్డు, ముందుకాళ్ళ వేళ్ళ మధ్య నాకుడు, కుడి చెవి విదిలింపు, 5." ఇంతకు మించి రాయనక్కరలేదు. పెద్దగా రాయాలని మొదలుపెట్టినవారు నాలుగో రోజుకు మానేయడం చాలాసార్లు చూశాను.

గోకే చోటు ఏం చెబుతుంది

చోటును బట్టి కారణాన్ని ఖాయంగా చెప్పలేము, అయినా ముందు దేన్ని వెతకాలో తెలుస్తుంది. నడుము చివర, తోక మొదలు, వెనుక తొడల మీద పళ్ళతో కొరుక్కుంటూ, అక్కడ వెంట్రుకలు రాలి చర్మం గరుకుగా మారిందంటే మొదట కుక్కపేలను అనుమానించాలి. పాదాలు, చంకలు, గజ్జలు, పొట్ట కింద భాగం, చెవుల లోపల, కళ్ళ చుట్టూ, మూతి చుట్టూ దురద ఉండి, అది ఆరు నెలల నుంచి మూడేళ్ళ మధ్య వయసులో మొదటిసారి కనబడి, ప్రతి ఏడూ దాదాపు అదే కాలంలో తిరిగి వస్తుంటే పుప్పొడి, దుమ్ముపురుగుల వంటివి పడని ఎలర్జీ అయి ఉండవచ్చు. తెల్లని పాదాలున్న కుక్కలో వేళ్ళ మధ్య వెంట్రుకలు ఇటుక రంగుకు తిరిగితే అది రక్తం కాదు, మీరు చూడనప్పుడు గంటల తరబడి నాకడం వల్ల ఎంగిలి పట్టిన రంగు. చెవి అంచులు, మోచేతులు, వెనుక మడమలు పొట్టు కట్టి, ఇంట్లో మనుషులకు కూడా ముంజేతుల మీదనో పొట్ట మీదనో దద్దుర్లు మొదలైతే అది గజ్జి కావచ్చు. దానికి కాలంతో పని లేదు, ఈ పాఠంతో కూడా పని లేదు, వెంటనే పశువైద్యుడి దగ్గరకు వెళ్ళాలి. చర్మం జిడ్డుగా, నల్లగా, ఏనుగు తోలులా మందంగా మారి పుల్లని కంపు కొడుతుంటే ఈస్టు చేరినట్లు. అది సాధారణంగా మరో దురద వెనుకనే వస్తుంది గనుక దాన్ని తగ్గించినంత మాత్రాన మొదటి కారణం పోదు.

కాలంతో సంబంధం లేకుండా పన్నెండు నెలలూ ఒకే తీరుగా గోక్కునే కుక్కలో తిండి పడకపోవడాన్ని కూడా పరిశీలించాలి. దానికి పట్టే ఎనిమిది వారాల తిండి పరీక్షను ఐదవ పాఠానికి వదిలాను.

తెల్లగుడ్డ పరీక్ష

వెంట్రుకల మధ్య చకచక పరుగెత్తి, పట్టబోతే గెంతే గోధుమరంగు చిన్న పురుగులనే ఇక్కడ కుక్కపేలు అంటున్నాను. మందుల పెట్టెల మీద ఫ్లీలు అని ఉంటుంది. చర్మానికి కరచుకొని ఉబ్బే పిడుదులు వేరు. కుక్కపేలను కంటితో వెతికి "లేవు" అని తేల్చవద్దు. వాటి ఎంగిలి పడని కుక్కకు నాలుగైదు కాట్లే చాలు వారం రోజులు గోక్కోవడానికి, పైగా అది కొరుక్కుంటూ ఆ నాలుగింటిని మింగేస్తుంది కూడా. అందుకని పేల దువ్వెనతో తోక మొదలు నుంచి నడుము వరకు చర్మానికి ఆనించి దువ్వి, దువ్వెనలో చిక్కిన నల్లని పొడిని తడిపిన తెల్లగుడ్డ మీద రాల్చండి. నిమిషంలో ఆ నలుసుల చుట్టూ తుప్పు రంగు ఎర్రదనం పాకితే అది మట్టి కాదు, కుక్కపేలు తాగి విసర్జించిన రక్తం. నలుపు నలుపుగానే ఉంటే అది దుమ్మే.

ఈ పరీక్షను నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మా నాటుకుక్క ఒక ఏడాది దీపావళి నుంచి సంక్రాంతి దాటేదాకా గోక్కుంటూ ఉంటే, పెరటి గడ్డి కోయించి, వాకిట్లో పూలమొక్కలు పీకించి, అన్నంలోకి కోడిమాంసం మాన్పించి, చివరకు చూస్తే అది పడుకునే గోనెసంచిని వరండాలో తిరగేసినప్పుడు కింద ఆ నల్లపొడి చారెడు ఉంది. మూడు నెలల పాటు నేను కుక్కకు చేసిన వైద్యమంతా ఆ సంచికి చేయవలసింది.

కారణం తెలిసినదే. ఒక ఇంట్లో ఉన్న కుక్కపేల మొత్తంలో కుక్క ఒంటి మీద తిరిగే పెద్దవి సుమారు 5 శాతం మాత్రమే. మిగిలిన 95 శాతం గుడ్లు, పిల్లపురుగులు, గూడు కట్టుకున్న పురుగులుగా పడక కింద, నేల నెర్రెలలో, మంచం కోళ్ళ దగ్గర ఉంటాయి. గూటిలో ఉన్న పురుగు నెలల తరబడి ఊపిరి బిగబట్టినట్టు ఉండి, దగ్గరలో అడుగుల అదురు తగలగానే బయటకు వస్తుంది. మందు వేసిన మూడు వారాలకు కూడా కొత్తవి కనబడితే మందు పనిచేయలేదని మార్చేయడం ఇందుకే పొరపాటు. పశువైద్యుడు కుక్క బరువును బట్టి రాసిన మందును కనీసం మూడు నెలలు తేదీ తప్పకుండా వాడాలి, ఇంట్లో ఉన్న అన్ని కుక్కలకూ ఒకేసారి వేయాలి, పడకను వారానికొకసారి వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరవేయాలి, గోనెసంచిని కాల్చివేయడం ఇంకా మంచిది. ఎండలోను పొడి నేల మీదను ఆ పిల్లపురుగులు బతకవు, మన రోహిణి ఎండలు ఈ ఒక్క విషయంలో మాత్రం మనకు మేలు చేస్తాయి. ఇంట్లో పిల్లి ఉంటే మరొక జాగ్రత్త: కుక్కల కోసం చేసిన పెర్మెత్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకం.

స్నానం

ఈ పాఠంలో మీ చేతులతో నేర్వవలసిన పని ఇదే. పుప్పొడి, దుమ్ము ఎలర్జీ ఉన్న కుక్కకు అవి ప్రధానంగా చర్మం గుండానే లోపలికి చేరతాయి కాబట్టి, వాటిని ఒంటి మీద నుంచి కడిగివేయడం మందు మింగించినంత విలువైన పని. మన సబ్బులు దీనికి పనికిరావు. మనిషి చర్మం కొంత పులుపు వైపు ఉంటుంది, కుక్క చర్మం దాదాపు తటస్థంగా ఉంటుంది, పైగా పలుచన. క్రిమిసంహారక సబ్బుతో రుద్దితే ఆ పూట శుభ్రంగా కనబడి, రెండు రోజులకు పొట్టు లేచి దురద రెట్టిస్తుంది. వైద్యుడు చర్మాన్ని చూసి, సూక్ష్మజీవులు చేరాయంటే క్లోర్‌హెక్సిడిన్, ఈస్టు ఉందంటే దానికి తోడు మైకొనజోల్ ఉన్న షాంపూ రాస్తారు. ఏమీ చేరకపోతే ఓట్‌మీల్ వంటి మెత్తని షాంపూ చాలు.

వేడినీళ్ళు దురదను పెంచుతాయి కాబట్టి చన్నీళ్ళు గాని గోరువెచ్చని నీళ్ళు గాని వాడాలి. ముందు చర్మం తగిలేదాకా బాగా తడపండి. లాబ్రడార్, పొమెరేనియన్ వంటి ఒత్తు వెంట్రుకల జాతులలో పైన తడిసినా అడుగున పొడిగానే ఉంటుంది. షాంపూను చెంబుడు నీళ్ళలో కలిపి, దురద ఎక్కువగా ఉన్న చోట్ల నుంచి మొదలుపెట్టి, వేళ్ళ సందులలో, చంకలలో, తోక కింద మెత్తగా పట్టించండి. ఆ తరువాతనే అసలైన ఓపిక: పది నిమిషాలు అలాగే ఉంచాలి. మందు షాంపూ నురుగు వల్ల పనిచేయదు, చర్మంతో గడిపిన సమయం వల్ల పనిచేస్తుంది. గడియారం చూసుకోండి, ఎందుకంటే తడిసిన కుక్కను పట్టుకొని నిలబడ్డప్పుడు రెండు నిమిషాలే పది అనిపిస్తాయి. పిల్లలుంటే వారికి ఆ పది నిమిషాలు కబుర్లు చెప్పే పని అప్పగించవచ్చు.

కడగడం పట్టించినదానికన్నా ఎక్కువసేపు చేయాలి. తీరానికి దగ్గరగా బోరునీళ్ళు ఉప్పగా ఉండే ఊళ్ళలో చివర రెండు బిందెల మంచినీళ్ళతో కడిగితే ఉప్పు చర్మం మీద ఆరదు. తువ్వాలుతో అద్దాలి గాని రుద్దకూడదు, వేళ్ళ మధ్య తడి లేకుండా ఒక్కొక్క సందూ ఒత్తాలి. వానాకాలంలో సగం ఆరిన ఒత్తు వెంట్రుకల కిందనే ఒక్క రాత్రిలో అరచేతి వెడల్పున రసి కారే పుండు లేస్తుంది. స్నానం మొదట వారానికి ఒకసారి చేయించండి, సూక్ష్మజీవులు చేరినప్పుడు వైద్యుడు రెండుసార్లు చెప్పవచ్చు. వీపు మీద చుక్కలుగా పోసే పేలమందు వాడేవారు దానికి రెండు రోజులు ముందు, రెండు రోజులు తరువాత స్నానం ఆపాలి. స్నానం లేని రోజులలో షికారు నుంచి రాగానే నాలుగు పాదాలు, పొట్ట కడిగి ఆరదుడిస్తే చాలు.

చేయకూడనివాటిని కూడా చెప్పాలి. కాలిన ఇంజను ఆయిలు, కిరసనాయిలు, గమాక్సిన్ పొడి, కర్పూరం కలిపిన నూనె, ఇవన్నీ కుక్క నాకి మింగుతుంది, మింగితే విషం. చల్లారిన వేపాకు నీళ్ళు పోస్తే హాని లేదు గాని కుక్కపేలు పోతాయని ఆశించవద్దు. మన ఇంట్లోని జలుబు మాత్రలను దురద మాత్రలనుకొని ఇవ్వవద్దు, వాటిలో కలిసి ఉండే ఇతర మందులు కుక్క గుండెకు ప్రమాదం. స్టెరాయిడు ఇంజెక్షను ఆ పూటకు దురదను ఆపుతుంది, అవసరమైనప్పుడు అది మంచి మందే. అయితే నెలనెలా అదే అడిగి వేయించుకుంటే దాహం, ఆకలి, మూత్రం పెరగడంతో మొదలై చర్మమే పలచబడుతుంది. రోజుల తరబడి ఇచ్చిన స్టెరాయిడు మాత్రలను మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు.

వచ్చే పాఠానికి ముందు

పద్నాలుగు రోజులు పుస్తకం రాయండి. మొదటి రోజున, ఏడవ రోజున, పద్నాలుగవ రోజున తెల్లగుడ్డ పరీక్ష చేసి, గుడ్డ రంగును అదే వరుసలో రాయండి. రెండు స్నానాలు చేయించి, స్నానానికి ముందు రోజు అంకె, తరువాతి రోజు అంకె, మూడవ రోజు అంకె చుట్టి పెట్టండి. స్నానం తరువాత అంకె తగ్గి, మూడవ రోజుకు మళ్ళీ ఎక్కుతుంటే కడిగితే పోయే కారణం ఉన్నట్లు. ఏమీ కదలకపోతే చర్మం లోపలనో పడకలోనో వెతకాలి. ఈ లోగా రసి పుండు లేచినా, చెవి నుంచి కంపు వచ్చినా, కుక్క తిండి మానినా, మీకే దద్దుర్లు మొదలైనా పద్నాలుగు రోజుల కోసం ఆగకుండా పుస్తకంతో సహా వైద్యుడి దగ్గరకు వెళ్ళండి. దురదను తగ్గించే ఆక్లసిటినిబ్ మాత్రలు, దురద సంకేతాన్ని అడ్డగించే నెలవారీ ఇంజెక్షను ఏ కుక్కకు తగినవో నాలుగవ పాఠంలో మాట్లాడుకునేటప్పుడు ఆ రెండు వారాల అంకెలే ఎదురుగా పెట్టుకుంటాము.