క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత మనసు కుదుటపడాలంటే ఇంట్లోవాళ్లు ఏం చేయాలి

క్యాన్సర్ ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన మనిషిని చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ అనే మాట "ధైర్యంగా ఉండు". దయచేసి మీరైనా ఆ మాట తగ్గించండి. మా అమ్మకి రొమ్ము ఆపరేషన్ అయ్యాక వారమంతా అందరూ అదే అన్నారు, అమ్మ అందరికీ తలూపింది, ఒకరోజు రాత్రి నా పక్కన పడుకుని "ఏడుపొస్తోందే, ఏడిస్తే మీరు బెంగపెట్టుకుంటారని ఆపుకుంటున్నా" అంది. ఏడవనివ్వండి. పక్కన కూర్చుంటే చాలు.

రోజూ ఆమె చేతిమీదుగా జరిగే పని ఒక్కటైనా ఉంచండి. ఈ ఆపరేషన్ తర్వాత చాలామందిని, గాయం లోపల చేరే నీటిని బయటికి తీసే డ్రెయిన్ ట్యూబ్‌తోనే ఇంటికి పంపిస్తారు, అందులో చేరిన నీరు కొలిచి రాసుకోవాలి. నేను రాస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు, పాలలెక్క రాసే పుస్తకంలోనే రాసుకునేది: 90, 75, మళ్లీ 80. రోజుకి 30 మిల్లీలీటర్ల లోపుకి వస్తే సాధారణంగా ట్యూబ్ తీసేస్తారు కాబట్టి, పొద్దున్నే ఆ అంకె చూసుకోవడం ఆమెకి ఒక ఆశ అయింది.

చెయ్యి వ్యాయామం కూడా అంతే. ఫిజియోథెరపిస్టు సరే అన్నాక, గోడ మీద వేళ్లు పాకిస్తూ ఎంత ఎత్తు వెళ్తే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టేవాళ్లం. కొన్నిరోజులు గీత కిందికి కూడా వస్తుంది, ఆ రోజు ఏమీ అనకండి.

మచ్చ చూసుకోమని తొందరపెట్టకండి. ఎప్పుడు చూసుకోవాలో, పక్కన ఎవరుండాలో ఆమె ఇష్టం. అమ్మ మొదటిసారి బాత్రూంలో లైటు ఆపి, చేత్తో తడిమి చూసుకుంది. అద్దంలో చూసుకోవడానికి ఇంకా చాలా రోజులు పట్టింది.

పరామర్శకి వచ్చి "మా ఆడపడుచుకి మళ్లీ తిరగబెట్టింది" అని మొదలుపెట్టేవాళ్లని మొహమాటం లేకుండా వరండాలోకి తీసుకుపోండి. బయాప్సీ రిపోర్టు వచ్చేదాకా ఉండే టెన్షన్, ఆ తర్వాత ప్రతి చెకప్ ముందూ వచ్చే భయం మామూలే. అర్ధరాత్రి ఫోన్‌లో వెతికే బదులు అనుమానాలన్నీ కాగితం మీద రాసిపెట్టి డాక్టర్ ముందు చదవమనండి.

వారానికోసారి "సున్నా నుంచి పది దాకా, మనసు ఎంత బరువుగా ఉంది?" అని అడగండి. క్యాన్సర్ ఆసుపత్రుల్లో వాడే కొలతే ఇది, నాలుగు గానీ అంతకంటే ఎక్కువ గానీ చెబితే డాక్టర్‌కి చెప్పాల్సిందే. రెండువారాలుగా నిద్ర, తిండి, దేనిమీదా ఆసక్తి లేకపోతే ఆలస్యం చేయొద్దు. చచ్చిపోవాలనిపిస్తోంది అన్న మాట వస్తే ఒంటరిగా వదలకుండా ఆ రోజే సాయం తీసుకోండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే 24 గంటలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. రోగే చేయాలని లేదు. చూసుకుంటూ చూసుకుంటూ మీరే అలిసిపోయినా ఆ నంబరుకే చేయొచ్చు.