పడవలో నివాసం, సైకిల్‌పై నగర సందర్శనం

పడవనే ఇల్లుగా చేసుకుని రేవు నుంచి రేవుకు సాగేవారికి తీరనగరాన్ని తెలుసుకోవడానికి సైకిల్‌ను మించిన సాధనం లేదని నా దృఢమైన అభిప్రాయం. నడకకు రేవు చుట్టుపక్కల వీధులు మాత్రమే అందుతాయి. బస్సులో వెళితే ఎక్కిన చోటు, దిగిన చోటు తప్ప మధ్యలోని నగరం మనసులో నిలవదు. అయితే నేలమీది ఇంటి నుంచి బయలుదేరేవారికి లేని షరతు పడవవాసికి ఉంది: ఇల్లు ఉన్నది నీటి మీద, ఆ నీరు ఎక్కుతుంది, దిగుతుంది, గాలి దిశ మారితే ఇల్లే కదులుతుంది. అందువల్ల నగరపటం కంటే ముందు ఆటుపోట్ల పట్టికనూ, వాతావరణ సూచననూ తెరిచి, అవి అనుమతించే సమయంలో యాత్రను అమర్చుకోవాలి.

సైకిల్ ఎంపికలో మొదట చూడవలసింది అది పడవలో ఎక్కడ పడుతుందన్నది. మడత సైకిళ్లలో చక్రం 16 అంగుళాలదైతే మడిచినప్పుడు చాలా చిన్నదవుతుంది. బ్రాంప్టన్ అనే బ్రిటిష్ కంపెనీ చేసే తరహా మడత సైకిల్ సుమారు 58 సెంటీమీటర్ల పొడవు, 56 సెంటీమీటర్ల ఎత్తు, 27 సెంటీమీటర్ల మందంలో ఇమిడిపోతుంది. 20 అంగుళాల చక్రాలున్నవి ఎక్కువ చోటు తీసుకున్నా, రాళ్లు పరచిన పాత వీధుల్లో, గుంతల్లో నిలకడగా నడుస్తాయి. చోటు ఉంటే నేను వాటినే ఎంచుకోమంటాను. మామూలు సైకిల్‌ను డెక్ మీద కటకటాలకు కట్టి తీసుకెళ్లేవారూ ఉన్నారు కానీ, అలల తుంపర నేరుగా తగిలే ఆ చోటు సైకిల్ ఆయుష్షును తగ్గిస్తుంది, పైగా తుఫాను గాలిలో పడవ పని చేసేవారి కాళ్లకు అడ్డం వస్తుంది. లోపల పెట్టేటప్పుడు ఒక విషయం మరచిపోకూడదు: ఉక్కు చట్రం ఉన్న సైకిల్‌ను దిక్సూచికి గాని, పడవను దానంతటదే దిశలో నడిపే ఆటోపైలట్ ఉపయోగించే దిక్సూచి సెన్సర్‌కు గాని దగ్గరగా ఉంచితే దిశ తప్పుగా చూపవచ్చు. కనీసం ఒకటి రెండు మీటర్ల దూరంలో ఉంచి, సైకిల్ ఉన్నప్పుడూ తీసినప్పుడూ దిక్సూచి ఒకే దిశ చూపుతోందో లేదో సరిచూసుకోవాలి.

బ్యాటరీ సైకిల్ కావాలనుకునేవారు పడవలోని విద్యుత్తును లెక్క వేసుకోవాలి. 36 వోల్టుల, 10 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 360 వాట్ అవర్ల శక్తి పడుతుంది. ఇన్వర్టర్ నష్టాలు కలుపుకుంటే దాన్ని నింపడానికి పడవ బ్యాటరీ నుంచి 400 వాట్ అవర్లకు పైగా ఖర్చవుతాయి. 12 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవడం మంచిది కాబట్టి, ఆ సగంలో ఎక్కువ భాగం సైకిల్‌కే పోతుంది. లిథియం బ్యాటరీని నిద్రపోయే గదిలో పెట్టి ఛార్జ్ చేయకూడదు. ఎవరైనా మెలకువగా ఉన్నప్పుడే, కంటికి కనిపించే చోట ఛార్జ్ చేయాలి. ఉప్పునీటిలో మునిగిన బ్యాటరీని మళ్లీ పడవలోకి తీసుకురాకూడదు.

పడవ నుంచి ఒడ్డుకు సైకిల్‌ను దించడం ఈ యాత్రలో అతి సున్నితమైన ఘట్టం. నీటి మీదుగా అందించే ప్రతిసారీ చట్రానికి తాడు కట్టి, రెండో కొసను పడవకు కట్టిన తరువాతే చేయి వదలాలి. డింగీలో, అంటే పడవ నుంచి ఒడ్డుకు చేర్చే చిన్న పడవలో, తీసుకెళ్లేటప్పుడు మడత సైకిల్‌ను సంచిలో పెట్టి అడుగున పడుకోబెట్టి, పెడల్ గాని హ్యాండిల్ కొస గాని రబ్బరు గోడను గుచ్చుకోకుండా గుడ్డ చుట్టాలి. పరదేశపు రేవులో దిగుతున్నట్లయితే ప్రవేశానికి అనుమతి కోరుతున్నామని తెలిపే పసుపు రంగు క్యూ జెండా ఎగురవేసి, వలస, కస్టమ్స్, ఆరోగ్య పరిశీలనలు పూర్తయ్యే వరకు సైకిల్‌ను దించే ఆలోచనే పెట్టుకోకూడదు. సుదీర్ఘ సముద్రయానం తరువాత నేల మీద కాలు పెట్టినా ఒళ్లు ఊగుతున్నట్లే ఉంటుంది. ఆ ఊపు తగ్గేవరకు, సాధారణంగా ఒకటి రెండు రోజులు, రద్దీ రోడ్ల మీదికి వెళ్లకపోవడం మేలు.

చాలా తీరాల్లో రెండు పోట్ల (నీరు పూర్తిగా ఎక్కే సమయాల) మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది కనుక పోటు సమయం రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. కొన్ని తీరాల్లో రోజుకు ఒకే పోటు వస్తుంది కాబట్టి స్థానిక పట్టికనే నమ్మాలి. తేలే జెట్టీకి పడవ కట్టినప్పుడు నీరు దిగే ఆటు సమయంలో ఒడ్డుకు వేసిన వాలు వంతెన నిటారుగా మారి, తడిస్తే జారుతుంది. కదలని రాతిగట్టుకు కట్టినప్పుడైతే నీరు దిగాక సైకిల్‌ను నిచ్చెన మీద మోసుకుని ఎక్కవలసి వస్తుంది. డింగీని బురద తీరంలో వదిలి వెళితే, తిరిగి వచ్చేసరికి నీరు అంతా వెనక్కి పోయి అది బురదలో కూర్చుని ఉండవచ్చు. ఈ మూడింటికీ ఒకే ఉపాయం ఉంది: పోటుకు మూడు గంటల ముందు బయలుదేరి, పోటు తరువాత మూడు గంటలలోపు తిరిగి చేరుకుంటే నీరు రెండువైపులా సగం ఎత్తుకు తగ్గకుండా ఆరు గంటల సమయం చేతికి చిక్కుతుంది. అమావాస్య, పౌర్ణముల తరువాతి ఒకటి రెండు రోజుల్లో ఆటుపోట్ల మధ్య తేడా ఎక్కువగా ఉంటుంది కనుక అప్పుడు మరింత జాగ్రత్త అవసరం.

గాలి లెక్క కూడా ఇంతే ముఖ్యం. ఎండకాసే రోజుల్లో నేల వేడెక్కాక సముద్రపు గాలి లోతట్టుకు వీయడం మొదలుపెట్టి, మధ్యాహ్నం తరువాత బలపడి, సాయంత్రానికి సద్దుమణుగుతుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో తొక్కేవారికి అంతే వేగమున్న ఎదురుగాలి తగిలితే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. లోతట్టుకు వెళ్లేటప్పుడు వీపును తోసిన గాలే తిరుగుదారిలో అలసిన కాళ్లకు ఎదురు నిలుస్తుంది. అదే గాలి లంగరు వేసిన చోట అలలు లేపి, డింగీలో వెళ్లేవారినీ సైకిల్‌నూ తడిపేస్తుంది. కాబట్టి దూరపు లోతట్టు ప్రాంతాలకు తెల్లవారుజామునే వెళ్లి మధ్యాహ్నానికి ముందే తిరిగి రావడం, లేదా సాయంత్రం గాలి తగ్గేదాకా ఆగి రావడం ఉత్తమం. పోటు ఈ గంటలతో కలవని రోజు దూరం తగ్గించుకుని, నీటి ఒడ్డు వెంట మాత్రమే తిరగాలి.

తీరనగరాలు సాధారణంగా నీటి అంచు నుంచే పెరుగుతాయి. పాత గిడ్డంగులు, చేపల రేవు, కస్టమ్స్ భవనం, దీపస్తంభం ఉన్న ఒడ్డు ఆ నగరపు పాత ముఖం. అందుకే మొదటి రోజు చూడదగిన స్థలాల జాబితా పట్టుకోకుండా, ఒడ్డు వెంట ఒక దిక్కుకు పోయి రావాలి. మంచినీటి కుళాయి, ఇంధనం, ఇనుప సామాన్ల దుకాణం, బట్టలు ఉతికే చోటు, ఆసుపత్రి ఎక్కడున్నాయో ఆ దారిలోనే గుర్తుపెట్టుకోవాలి. రెండో రోజు నది గాని కాలువ గాని ఉంటే దాని వెంట ఎగువకు వెళ్లాలి, ఎందుకంటే నది వెంట దారి దాదాపు సమతలంగా ఉండి, నగరం లోతట్టుకు ఎలా విస్తరించిందో చూపుతుంది. ఆ తరువాతే కొండ ఎక్కాలి. ఎత్తు మీద నుంచి చూస్తే లంగరు చోటు, దాని చుట్టూ రంగు మారే లోతులు, ఇసుకమేటలు ఒక్కచూపులో కనిపిస్తాయి. పడవవాసికి అంతటి ఉపయోగకరమైన దృశ్యం నగరంలో మరొకటి ఉండదు. నదీముఖం నగరాన్ని రెండుగా చీల్చిన చోట, ఎదురొడ్డు కళ్లముందే ఉన్నా వంతెన ఎన్నో కిలోమీటర్ల ఎగువన ఉండవచ్చు. సైకిళ్లను ఎక్కించుకునే ఫెర్రీ ఉందేమో, దాని చివరి ట్రిప్పు ఎప్పుడో ముందే తెలుసుకోవాలి. స్వచ్ఛంద సేవకులు తయారుచేసే ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారిత పటాలను ఫోన్‌లో దించుకుంటే సిగ్నల్ లేని చోట కూడా దారి దొరుకుతుంది.

వాణిజ్య ఓడల టెర్మినళ్లు భద్రతా నిబంధనల వల్ల మూసి ఉంటాయి కాబట్టి పటంలో దారి కనిపించినా చుట్టూ తిరిగి వెళ్లాలి. రేవు గట్టు మీద పూడ్చిన రైలు పట్టాలను ఏటవాలుగా దాటితే చక్రం గాడిలో ఇరుక్కుంటుంది; లంబకోణంలోనే దాటాలి. జెట్టీ చెక్కల మీద, ఓడల తాళ్ల మధ్య సైకిల్ తొక్కకుండా నడిపించుకుంటూ వెళ్లాలి.

లంగరు మీద పడవను వదిలి వెళ్లేటప్పుడు దూరానికి హద్దు పెట్టుకోవాలి. సూచనలో గాలి దిశ మారే గంట ఉంటే, దానికి చాలా ముందే పడవ మీద ఉండాలి. సైకిల్ చెడిపోతే నడిచి రాగలిగినంత దూరమే వెళ్లడం నేను పాటించే నియమం. పంక్చర్ సామగ్రి, పంపు, లైట్లు సంచిలో తప్పనిసరి.

ఇక ఉప్పు సంగతి. సముద్రపు ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. శుద్ధమైన ఉప్పే 75 శాతం తేమ వద్ద కరగడం మొదలుపెడుతుంది, మెగ్నీషియం లవణాలు కలిసిన సముద్రపు ఉప్పు అంతకంటే ముందే తడవుతుంది. అందువల్ల పొడిగుడ్డతో తుడిచిన సైకిల్ ఆరినట్లు కనిపించినా రాత్రికి మళ్లీ తడిసి తుప్పు పడుతుంది. మంచినీటితో కడగడమొక్కటే మార్గం. మంచినీరు కొరతగా ఉన్నప్పుడు తడిగుడ్డతో చైన్, బ్రేకులు, మడత కీళ్లు, స్పోకుల మొదళ్లు తుడిచినా చాలా మేలు. తరువాత ఆరబెట్టి, చైన్‌కు తడి వాతావరణానికి పనికివచ్చే నూనె వేయాలి. చైన్‌కు బదులు పళ్ల బెల్టు, హబ్ (చక్రం నడిబొడ్డు) లోపల గేర్లు ఉన్న సైకిల్ దొరికితే ఈ శ్రమ సగానికి సగం తగ్గుతుంది. అల్యూమినియం, ఉక్కు తాకే చోట ఉప్పునీరు చేరితే అల్యూమినియం తినివేయబడి, దాని ఆక్సైడ్ ఉబ్బి, సీటు కడ్డీ చట్రంలో బిగుసుకుపోతుంది. అప్పుడు మడత సైకిల్ మడవడానికి పనికిరాకుండా పోతుంది. నెలకొకసారైనా ఆ కడ్డీని పూర్తిగా బయటికి లాగి, శుభ్రం చేసి, నీటికి కరగని గ్రీజు రాసి మళ్లీ బిగించాలి. పెడల్ మరలకు కూడా అదే చేయాలి.